గోడకు బెత్తెడు దూరంలో ఫెల్ప్స్ బటర్‌ఫ్లై

50 మీటర్ల పూల్ అడుగున కనిపించే నల్లగీత గోడ దాకా రాదు. గోడకు 2 మీటర్ల ముందే ఆగిపోయి, అక్కడ అడ్డంగా చిన్న గీతతో ‘టి’ అక్షరంలా ముగుస్తుంది. ముఖం నీళ్లలోంచి తీయకుండానే ఇంకెంత దూరం మిగిలిందో ఈతగాడికి తెలియాలని పెట్టిన గుర్తు అది. అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఒలింపిక్స్‌లో బటర్‌ఫ్లై వ్యక్తిగత పోటీల్లో సాధించిన పతకాలు ఎనిమిది. ఆరు స్వర్ణాలు, రెండు రజతాలు. వాటిలో నాలుగింటి రంగు ఆ ‘టి’ దాటాకే తేలింది.

2004 ఏథెన్స్ 100 మీటర్లు, 0.04 సెకను తేడాతో గెలుపు. 2008 బీజింగ్ 100 మీటర్లు, 0.01తో గెలుపు. 2012 లండన్ 200 మీటర్లు, 0.05తో ఓటమి. 2016 రియో 200 మీటర్లు, 0.04తో గెలుపు. సెకనులో వందో వంతు అంటే కంటికి ఆనదు కాబట్టి దాన్ని దూరంలోకి మార్చి చూద్దాం. ఆ స్థాయి ఈతగాడు చివరి 50 మీటర్లలో సెకనుకు సుమారు 1.7 నుంచి 1.9 మీటర్లు ముందుకెళ్తాడు. ఆ లెక్కన 0.01 సెకను అంటే బొటనవేలి వెడల్పు. 0.04, 0.05 అంటే ఒక బెత్తెడు. పదహారేళ్ల ఒలింపిక్ ప్రయాణంలో నాలుగు సార్లు బెత్తెడులోపే తేలడం అదృష్టమని కొందరంటారు. ఆ పోటీల వీడియోలు నిదానంగా, ఒక్కో స్ట్రోక్ లెక్కపెట్టుకుంటూ చూస్తే ఆ మాట నిలబడదు.

ముందు బటర్‌ఫ్లైలో గోడ ఎందుకు అంత చిక్కుపెడుతుందో చెప్పాలి. ఫ్రీస్టైల్‌లో ఒక చెయ్యి వెనక్కి లాగుతుంటే ఇంకొకటి ముందుకొస్తుంటుంది. గోడ ఎక్కడ తగిలినా ఏదో ఒక చెయ్యి అందుబాటులో ఉంటుంది. బటర్‌ఫ్లైలో రెండు చేతులూ ఒకేసారి నీళ్లలో దిగాలి, ఒకేసారి లాగాలి, ఒకేసారి నీటిపైనుంచి ముందుకు రావాలి. ఒక స్ట్రోక్‌కు రెండు కిక్‌లు. చేతులు నీళ్లలోకి దిగేటప్పుడు మొదటిది, లాగడం ముగిసి చేతులు తొడల పక్కనుంచి బయటికొచ్చేటప్పుడు రెండోది. వేగం ఆ రెండో కిక్ దగ్గర బాగా పెరుగుతుంది, చేతులు గాల్లో ఉన్నంతసేపూ తగ్గుతూ వస్తుంది. ఈ స్థాయిలో ఒక్కో స్ట్రోక్ దాదాపు 2 మీటర్లు తీసుకెళ్తుంది. అలా వస్తూ వస్తూ గోడ సరిగ్గా స్ట్రోక్ చివర తగిలితే సరే. చేతులు ముందుకు చాచాక ఇంకా అర మీటరో, ముప్పావు మీటరో మిగిలిందనుకోండి, అప్పుడు రెండే దారులు. చేతులు చాచి అలాగే జారిపోవడం, లేదంటే చిన్న స్ట్రోక్ ఇంకొకటి ఇరికించడం. జారితే ప్రతి అంగుళానికీ వేగం చచ్చిపోతుంది. స్ట్రోక్ ఇరికిస్తే చేతులు మళ్లీ ముందుకు రావడానికి సమయం పడుతుంది. ఏది మేలో తేల్చుకోవడానికి దొరికేది సెకనులో చిన్న ముక్క. పైగా రెండు చేతులూ ఒకేసారి గోడను తాకాలి. ఒకటి ముందు తగిలి ఇంకొకటి తర్వాత తగిలితే పోటీ నుంచి తీసేస్తారు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లోనూ ఇదే నియమం. 1950లలో బటర్‌ఫ్లై దాన్నుంచే విడిపోయి, 1956 మెల్‌బోర్న్‌లో మొదటిసారి విడిగా ఒలింపిక్ పోటీ అయింది.

ఫెల్ప్స్ ఇంట్లో అతనికంటే ముందు 200 మీటర్ల బటర్‌ఫ్లైలో పేరు తెచ్చుకున్నది అక్క విట్నీ. 1994 ప్రపంచ పోటీలకు వెళ్లింది. 1996 ఒలింపిక్ ఎంపికల్లో వెన్నునొప్పితో ఈది ఆరో స్థానంలో ఆగిపోయింది. ఆ రోజుల్లోనే బాల్టిమోర్‌లోని నార్త్ బాల్టిమోర్ అక్వాటిక్ క్లబ్‌లో పదకొండేళ్ల ఫెల్ప్స్‌కు కోచ్‌గా బాబ్ బౌమన్ దొరికాడు. అక్కడి నుంచి రియో దాకా కోచ్ మారలేదు. ఈతలో అంత పొడుగు బంధం అరుదు. ఆదివారాలు కూడా నీళ్లలోకి దించేవాడు బౌమన్. వారానికి ఒకరోజు సెలవు తీసుకునేవాళ్ల కంటే ఏడాదికి 52 రోజులు ఎక్కువ వస్తాయన్నది అతని లెక్క. గట్టిగా సాగిన కాలంలో వారానికి దాదాపు 80 కిలోమీటర్లు ఈదించేవాడు.

2000 సిడ్నీకి ఫెల్ప్స్ 15 ఏళ్ల వయసులో వెళ్లాడు. 200 బటర్‌ఫ్లైలో తోటి అమెరికన్ టామ్ మాల్కో 1:55.35తో గెలిచాడు. ఫెల్ప్స్ 1:56.50తో ఐదో స్థానం. పతకం లేదు కాబట్టి ఈ పోటీని చాలామంది దాటేస్తారు. నాలుగేళ్ల ముందు అట్లాంటాలో ఇదే పోటీలో రష్యాకు చెందిన డెనిస్ పంక్రాతోవ్ స్వర్ణం గెలిచిన సమయం 1:56.51. అంటే పదిహేనేళ్ల పిల్లవాడు ఐదో స్థానంలో వచ్చి కూడా గత ఒలింపిక్ విజేత కంటే వందో వంతు ముందున్నాడు. మనకు దగ్గరైన కొలత ఇంకొకటి ఉంది. కేరళకు చెందిన సాజన్ ప్రకాశ్ 2021లో రోమ్‌లో 1:56.38 ఈది, ఒలింపిక్స్‌కు ‘ఎ’ ప్రమాణంతో నేరుగా అర్హత సాధించిన తొలి భారతీయ ఈతగాడయ్యాడు. సిడ్నీలో ఫెల్ప్స్ ఎంత వేగంగా ఈదాడో, సాజన్ సాధించింది ఎంత పెద్ద విషయమో రెండూ ఈ అంకెల్లో తెలుస్తాయి.

సిడ్నీ ముగిసిన ఆరు నెలలకు, 2001 మార్చి 30న ఆస్టిన్‌లో 1:54.92తో ప్రపంచ రికార్డు. వయసు 15 ఏళ్ల 9 నెలలు. ఈతలో అంత చిన్న వయసులో ప్రపంచ రికార్డు పెట్టిన మగవాడు అంతకుముందు లేడు. జూలైలో ఫుకువోకాలో 1:54.58తో తొలి ప్రపంచ టైటిల్. 2002లో యోకొహామాలో మాల్కో చేతిలో ఓడాడు. మళ్లీ 200 బటర్‌ఫ్లైలో ఓడింది 2011 ఏప్రిల్‌లో, చైనా ఈతగాడు వూ పెంగ్ చేతిలో. మధ్యలో దాదాపు తొమ్మిదేళ్లు ఆ దూరంలో అతణ్ని ఎవరూ దాటలేదు.

అయితే 100 మీటర్లు అంత సులువుగా చేతికి రాలేదు. అతనిది నిదానంగా మొదలై చివర్లో ఊపందుకునే ఈత. 100 మీటర్లలో మొదటి సగమే విజేతను నిర్ణయించేస్తుందని నమ్మేవాళ్లు ఎక్కువ. 2003 బార్సిలోనా ప్రపంచ పోటీల సెమీఫైనల్‌లో అతను 51.47తో ప్రపంచ రికార్డు పెడితే, మర్నాడు ఫైనల్లో తోటి అమెరికన్ ఇయాన్ క్రాకర్ 50.98తో దాన్ని లాగేసుకుని గెలిచాడు. 51 సెకన్ల లోపు అదే మొదటిసారి. మరుసటి ఏడాది ఏథెన్స్‌లో ఇద్దరూ పక్కపక్కన వచ్చారు. క్రాకర్ ముందు, ఫెల్ప్స్ వెనక. చివరి స్ట్రోక్ దాకా అదే వరుస. గోడ దగ్గర ఫెల్ప్స్ 51.25, క్రాకర్ 51.29.

ఆ గెలుపుతో, నలుగురు నాలుగు రకాల ఈతలు ఈదే మెడ్లీ రిలే ఫైనల్లో బటర్‌ఫ్లై ఈదే హక్కు కూడా ఫెల్ప్స్‌దే అయింది. దాన్ని క్రాకర్‌కు ఇచ్చేశాడు. అనారోగ్యంతో ఉన్న క్రాకర్ అంతకుముందు 4×100 ఫ్రీస్టైల్ రిలేలో బాగా వెనకబడ్డాడు, జట్టు కాంస్యంతో సరిపెట్టుకుంది. ఆ బాధ పోగొట్టుకునే అవకాశం అతనికి రావాలని ఫెల్ప్స్ అనుకున్నాడు. జట్టు గెలిచింది. తొలి రౌండ్ అయిన హీట్స్‌లో ఈదాడు కాబట్టి ఫెల్ప్స్‌కూ స్వర్ణం వచ్చింది. అతని పతకాలన్నిటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అతను ఫైనల్ ఈదకుండా అందుకున్న ఈ పతకమే.

2007 మెల్‌బోర్న్ ప్రపంచ పోటీల్లో 200 మీటర్లు 1:52.09. తన పాత రికార్డు నుంచి ఒక్కసారిగా 1.62 సెకన్లు కోసేశాడు. ఇక్కడ నీటి అడుగు ఈత గురించి చెప్పాలి. 1998 నుంచి బటర్‌ఫ్లైలో మొదలుపెట్టేటప్పుడూ, ప్రతి మలుపు దగ్గరా 15 మీటర్ల లోపే తల నీటిపైకి రావాలి. లేన్ తాడు మీద ఆ చోట రంగు మారి ఉంటుంది. పంక్రాతోవ్ లాంటివాళ్లు అంతకుముందు చాలా దూరం నీటి అడుగునే వెళ్లి గెలిచేవాళ్లు, ఆ దారి మూసేశారు. ఈ 15 మీటర్ల హద్దులోనే ఫెల్ప్స్ డాల్ఫిన్ కిక్ (రెండు కాళ్లూ కలిపి కొట్టేది) మిగతావాళ్లకు అందేది కాదు. కిక్ మోకాళ్లనుంచి కాక ఛాతీ కింద నుంచి అలలా మొదలయ్యేది. చీలమండలు బాగా వంగేవి కాబట్టి పాదం చేపతోకలా పనిచేసేది. చాలామంది 200 మీటర్లలో మొదటి మలుపు దగ్గర ఐదారు కిక్‌లు కొట్టి, చివరి మలుపు నాటికి ఊపిరి చాలక రెండుమూడుతో పైకొచ్చేస్తారు. అతను చివరి మలుపు దగ్గర కూడా లోపల ఉండగలిగేవాడు. అంత శిక్షణ దేనికని అడిగేవాళ్లు ఆ మలుపు ఒక్కటి చూస్తే చాలు.

2007 చివర్లో కుడి మణికట్టు విరిగింది. చేతులు వాడలేని ఆ వారాలన్నీ కిక్‌లతోనే గడిచాయి. బీజింగ్‌కు అది కలిసొచ్చింది.

బీజింగ్‌లో 2008 ఆగస్టు 13న 200 మీటర్ల ఫైనల్. డైవ్ కొట్టగానే గాగుల్స్‌లోకి నీళ్లు చేరడం మొదలైంది. తీసి పడేద్దామంటే పట్టీ రెండు టోపీల కింద ఉంది. చివరి మలుపు నాటికి గాగుల్స్ నిండిపోయాయి. అడుగున గీత లేదు, ‘టి’ లేదు, పక్క లేన్ లేదు, గోడ ఎక్కడుందో కూడా కనపడలేదు. అతను చేసింది స్ట్రోక్‌లు లెక్కపెట్టడం. చివరి 50 మీటర్లకు తనకు ఎన్ని స్ట్రోక్‌లు పడతాయో ముందే తెలుసు. 21 దగ్గర చేతులు చాచాడు. గోడ అక్కడే ఉంది. సమయం 1:52.03, కొత్త ప్రపంచ రికార్డు. హంగేరీ ఈతగాడు లాస్లో చెహ్ 1:52.70తో రెండోవాడు, జపాన్‌కు చెందిన తకేషి మత్సుదా 1:52.97తో మూడోవాడు. బయటికొచ్చాక ఫెల్ప్స్ మొహంలో సంతోషం లేదు, కళ్లు కనబడి ఉంటే ఇంకా తగ్గించేవాణ్నన్న బాధే. ఇంకో గంటలో రిలే ఈదాల్సి ఉంది.

ఈ కథ అందరికీ తెలిసిందే. లెక్క ఎలా పనిచేసిందన్నది మాత్రం ఎవరూ విప్పి చెప్పరు. స్ట్రోక్‌ల సంఖ్య నమ్మదగ్గది కావాలంటే దానికి ముందు రెండు విషయాలు స్థిరంగా ఉండాలి. ఒకటి, మలుపు తర్వాత నీటి అడుగున కొట్టే కిక్‌ల సంఖ్య. ఈసారి నాలుగు, ఇంకోసారి ఏడు కొడితే తల పైకొచ్చే చోటు మారిపోతుంది, ఆ తర్వాత ఎన్ని లెక్కపెట్టినా లాభం లేదు. రెండు, అలసటలో స్ట్రోక్ ఎంత కుదించుకుపోతుందో తెలిసి ఉండడం. మొదటి 50 మీటర్లలో 17 పట్టే మనిషికి నాలుగో 50 మీటర్లలో 20 దాటొచ్చు. తాపీగా ఈదుతూ వేసిన లెక్క పోటీలో చెల్లదు. పోటీ వేగంతో, పోటీ అలసటతో వేసిన లెక్కే కావాలి. ఏళ్ల తరబడి ప్రతి రోజూ అలా ఈదినవాడికే కళ్లు మూసుకున్నా 21 అనే అంకె దొరుకుతుంది. ఆస్ట్రేలియాలో ఒక పోటీకి ముందు బౌమన్ కావాలనే అతని గాగుల్స్‌ను తొక్కి పగలగొట్టాడు, చూపు లేకపోతే ఏం చేస్తాడో చూద్దామని. అలాంటి కోచ్ చేతిలో పెరిగినవాడికి బీజింగ్‌లో కంగారు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మూడు రోజుల తర్వాత, ఆగస్టు 16న, 100 మీటర్లు. సెర్బియాకు చెందిన మిలోరాద్ చావిచ్ మొదటి 50 మీటర్లు 23.42లో తిరిగాడు. ఫెల్ప్స్ 24.04, ఎనిమిది మందిలో ఏడోవాడు. మిగిలిన 50 మీటర్లు చావిచ్‌కు 27.17 పట్టింది, ఫెల్ప్స్‌కు 26.54. కూడి చూడండి, 50.59, 50.58.

అంకెలు కలిసిన తీరు సరే, గోడ దగ్గర జరిగింది ఇదీ. చావిచ్ చివరి స్ట్రోక్ పూర్తిచేసి చేతులు చాచాడు. గోడ ఇంకా కొంచెం దూరంలో ఉంది. అతను జారుతూ వెళ్లాడు, చివర్లో తల కొద్దిగా ఎత్తాడు. తల ఎత్తితే నడుము కిందికి దిగుతుంది, ఒళ్లంతా నీటికి అడ్డం పడుతుంది, చాచిన చేతులు కూడా ఆ మేరకు పొట్టివైపోతాయి. ఫెల్ప్స్ కూడా అప్పుడే అదే ఇరకాటంలో ఉన్నాడు. జారడానికి దూరం ఎక్కువ, స్ట్రోక్ వేయడానికి తక్కువ. అతను అర స్ట్రోక్ ఇరికించాడు. చేతులు నీటిపైనుంచి విసురుగా వచ్చి నేరుగా గోడను కొట్టాయి. ఆ అర స్ట్రోక్ వేసినప్పుడు పొరపాటు చేశాననుకున్నాడట, తీరా ఫలకం మీద చూస్తే అదే గెలిపించింది. వేగం తగ్గుతూ వచ్చిన చేతులకూ వేగం పెరుగుతూ వచ్చిన చేతులకూ మధ్య తేడా బొటనవేలి వెడల్పు.

సెర్బియా జట్టు అభ్యంతరం చెప్పింది. పై నుంచి తీసిన ఫొటోల్లో చావిచ్ వేళ్లు గోడకు దగ్గరగా కనిపించడంతో చాలామంది అతనే గెలిచాడనుకున్నారు. గోడమీద ఉండి గడియారాన్ని ఆపే టచ్‌ప్యాడ్ సంగతి తెలిస్తే ఆ అనుమానం తీరుతుంది. నీటి ఒరిపిడికే గడియారం ఆగిపోకూడదు కాబట్టి, వేళ్లు ఊరికే ఆనితే చాలదు, కొంత బలంతో నొక్కాలి. న్యాయనిర్ణేతలు ఫ్రేము ఫ్రేముగా చూసి ఫలితాన్ని ఖాయం చేశారు. ఇదే పోటీలో మూడో స్థానం కూడా వందో వంతుతోనే తేలింది. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ లాటర్‌స్టీన్ 51.12, క్రాకర్ 51.13. ఏథెన్స్‌లో ఫెల్ప్స్‌తో బెత్తెడు దూరంలో ఓడిన మనిషికి నాలుగేళ్ల తర్వాత ఆ కాస్త కూడా దక్కలేదు. ఆ సాయంత్రం గురించి రాసేవాళ్లు క్రాకర్‌ను మరిచిపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

2009 రోమ్ ప్రపంచ పోటీలు, నీటి రాపిడి తగ్గించి వేగం పెంచే పాలియురేథేన్ సూట్ల కాలం. సెమీస్‌లో చావిచ్ 50.01, ఫైనల్లో ఫెల్ప్స్ 49.82, చావిచ్ 49.95. 100 బటర్‌ఫ్లైలో 50 సెకన్ల గోడ అలా కూలింది. 200 మీటర్లలో 1:51.51. 2010 నుంచి ఆ సూట్లు పోయి, మగవాళ్లకు నడుము నుంచి మోకాలి దాకా గుడ్డ సూట్ మాత్రమే మిగిలింది.

లండన్‌కు వచ్చేసరికి పరిస్థితి వేరు. బీజింగ్ తర్వాత శిక్షణకు సరిగ్గా రావడం లేదు. వూ పెంగ్ చేతిలో ఓటమి ఆ కాలందే. 2011 షాంఘైలో ప్రపంచ టైటిల్ 1:53.34తో నిలబెట్టుకున్నాడు కానీ పాత నిల్వ కరిగిపోతోంది. 2012 జూలై 31న 200 మీటర్ల ఫైనల్లో మూడు మలుపుల దగ్గరా ఫెల్ప్సే ముందు. చివరి 5 మీటర్లలో కూడా అతనే ముందు. దక్షిణాఫ్రికాకు చెందిన ఇరవై ఏళ్ల చాడ్ లె క్లోస్ పక్కనుంచి తరుముతున్నాడు. గోడ దగ్గర ఫెల్ప్స్‌కు మళ్లీ అదే చిక్కు. చేతులు చాచాడు, గోడ ఇంకా రాలేదు. ఈసారి జారాడు. లె క్లోస్ పూర్తి స్ట్రోక్‌తో వచ్చి గోడను కొట్టాడు. 1:52.96, 1:53.01. మత్సుదా 1:53.21తో మళ్లీ మూడోవాడే.

నాలుగేళ్ల కిందట చావిచ్ చేసిన పొరపాటే అచ్చంగా అతనూ చేశాడు. కారణం అతనే చెప్పుకున్నాడు. శిక్షణలో గోడ దగ్గర బద్ధకంగా జారిపోయిన అలవాటు అసలు సమయంలో బయటపడిందని. ఇంత పెద్ద ఛాంపియన్ ఇంత సూటిగా తన తప్పు తానే చెప్పడం చాలా అరుదు. ఈత నేర్పేవాళ్లు పిల్లలకు ముందు ఏథెన్స్, బీజింగ్ చూపిస్తారు, నేనైతే లండన్ 200 చివరి 10 మీటర్లు చూపించమంటాను.

బటర్‌ఫ్లై నేర్చుకునేవాళ్ల కోసం ఆ 10 మీటర్ల సంగతి కాస్త వివరంగా చెబుతాను. గోడకు 5 మీటర్ల దూరంలో పైన వేలాడే జెండాలు బ్యాక్‌స్ట్రోక్ కోసం కట్టినవి. బటర్‌ఫ్లైలో వాటిని చూడాలంటే తల ఎత్తాల్సి వస్తుంది కాబట్టి వాటి జోలికి పోవద్దు. లేన్ తాడు మీద చివరి 5 మీటర్లకు రంగు మారుతుంది, ఊపిరి తీసుకునేటప్పుడు అది కంటి కొసకు అందుతుంది. అక్కడి నుంచి గోడకు మీకు ఎన్ని స్ట్రోక్‌లో పోటీ వేగంతోనే కొలవండి. మామూలు ఈతగాళ్లకు మూడు పడొచ్చు. ఆఖరి రెండు స్ట్రోక్‌లకు ఊపిరి తీసుకోకూడదు, తల ఎత్తిన ప్రతిసారీ నడుము దిగుతుంది. చూపు అడుగున ‘టి’ మీద ఉండాలి. దాని మీదుగా వెళ్తున్నప్పుడు చేతులు ఎక్కడున్నాయన్నదే ఆఖరి నిర్ణయం. చేతులు అప్పుడే నీళ్లలో దిగుతుంటే ఒక పూర్తి స్ట్రోక్‌కు చోటుంది. లాగడం సగంలో ఉంటే ఆ స్ట్రోక్ ముగించి, చేతులు విసిరి, గోడను కొట్టడమే.

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. వేళ్లు గోడకు కొట్టుకుని వంగుతాయన్న భయంతో చాలామంది చివరి అడుగులో చేతులు వెనక్కి తీసుకుంటారు, లేదా అరచేతులు పైకి తిప్పి గోడ అంచు పట్టుకోబోతారు. టచ్‌ప్యాడ్ నీటికి 30 సెంటీమీటర్లు పైన, 60 సెంటీమీటర్లు కింద ఉంటుంది, అంచు పట్టుకోవాల్సిన పనేమీ లేదు. వేళ్లు దగ్గరగా, గట్టిగా, నీటి మట్టానికి కాస్త కిందుగా నేరుగా పోనివ్వాలి. తప్పనిసరై జారాల్సి వస్తే ముఖం కిందికే ఉంచి గట్టిగా ఒక కిక్ కొట్టాలి. కిక్ ఆపేసి జారేవాళ్లే ఎక్కువ, వేగం చచ్చేది అందుకే. పక్క లేన్ వైపు చూడటం ఇంకో జబ్బు. చూస్తే భుజం తిరుగుతుంది, ఒక చెయ్యి ముందు తగులుతుంది, అనర్హత.

సాధనకు ఒక పద్ధతి ఉంది. పూల్ మధ్య నుంచి, గోడకు 12 మీటర్ల దూరంలో మొదలుపెట్టి పోటీ వేగంతో వచ్చి గోడను కొట్టండి. తర్వాతిసారి 12.5 నుంచి, ఆ తర్వాత 13 నుంచి, అలా ఎనిమిది సార్లు. మొదలయ్యే చోటు అర మీటరు చొప్పున మారుతుంటే స్ట్రోక్ ఒకసారి సరిగ్గా కుదురుతుంది, ఒకసారి సగంలో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నప్పుడు ఏం చేయాలో చేతులకు అలవాటు కావడమే దీని ప్రయోజనం. మీ పూల్ 25 మీటర్లదైతే ఇంకా మంచిది, ఒకే దూరానికి రెట్టింపు గోడలు వస్తాయి. నేర్చుకోవడం మొదలుపెట్టి నెల కూడా కానివాళ్లు మాత్రం దీని జోలికి ఇప్పుడే రావద్దు. ముందు ఒంటిచేతి బటర్‌ఫ్లై, ఆ తర్వాత కాళ్లకు తొడిగే ఫిన్స్‌తో రెండు కిక్‌ల లయ పట్టుబడాలి. భుజాల బలంతోనే లాక్కెళ్లేవాళ్లకు ముందు భుజం నొప్పి వస్తుంది, బటర్‌ఫ్లై ఆ తర్వాతి సంగతి.

లండన్‌లో 200 పోయాక మూడు రోజులకు 100 మీటర్లు 51.21తో గెలిచి రిటైరయ్యాడు. 2014లో తిరిగొచ్చాడు. ఆ ఏడాదే తాగి కారు నడిపి పట్టుబడి ఆరు నెలల సస్పెన్షన్, 2015 కజాన్ ప్రపంచ పోటీల జట్టులో చోటు పోయింది. కజాన్ జరుగుతున్న రోజుల్లోనే శాన్ ఆంటోనియోలో జాతీయ పోటీల్లో ఈదాడు. 200 మీటర్లు 1:52.94, 100 మీటర్లు 50.45. రెండూ కజాన్ విజేతల కంటే వేగం.

రియోలో 2016 ఆగస్టు 9. వయసు 31, గ్యాలరీలో మూడు నెలల కొడుకు. ఆ ఫైనల్లో లె క్లోస్ ఉన్నాడు, బీజింగ్‌లో రజతం గెలిచిన చెహ్ ఉన్నాడు. చివరి 50 మీటర్లకు ఫెల్ప్స్ చేతులు బరువెక్కిన సంగతి తెరమీద కనిపిస్తూనే ఉంది. జపాన్ కుర్రాడు మసాతో సకాయ్ ప్రతి స్ట్రోక్‌కూ దగ్గరికొచ్చేస్తున్నాడు. ఈసారి ఫెల్ప్స్ గోడ దగ్గర జారలేదు. 1:53.36. సకాయ్ 1:53.40. హంగేరీ కుర్రాడు తమాష్ కెండెరేషి 1:53.62. లె క్లోస్ నాలుగో స్థానం. మళ్లీ బెత్తెడే.

100 మీటర్లలో మాత్రం గోడ దాకా ఆగాల్సిన పని పడలేదు. సింగపూర్‌కు చెందిన జోసెఫ్ స్కూలింగ్ 50.39తో ముందే వెళ్లిపోయి తన దేశానికి తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. 2008లో ఫెల్ప్స్‌తో ఫొటో దిగిన పిల్లవాడు అతను. వెనక ఫెల్ప్స్, లె క్లోస్, చెహ్ ముగ్గురూ 51.14తో ఒకేసారి గోడను తాకారు. మూడు రజతాలు, కాంస్యం లేదు. పన్నెండేళ్లుగా వందో వంతులతో తేలిన పోటీలో చివరికి ఆ వందో వంతు కూడా మిగల్లేదు.

200 మీటర్ల ప్రపంచ రికార్డు ఇంకో మూడేళ్లు అతని పేరు మీదే ఉంది. 2001 మార్చి నుంచి ఏడు సార్లు అతనే తన రికార్డును తిరగరాసుకుంటూ వచ్చాడు. 2019 జూలై 24న గ్వాంగ్జులో హంగేరీ కుర్రాడు క్రిష్టోఫ్ మిలాక్ గుడ్డ సూట్‌లో 1:50.73 ఈది 0.78 సెకను తగ్గించాడు. ఫెల్ప్స్ ఆస్టిన్‌లో మొదటి రికార్డు పెట్టిన రోజున మిలాక్ వయసు 13 నెలలు.